పాత జెన్ వణుకూ, పదమూడు వందల వాక్యూమ్ గేజూ

మా మారుతి జెన్ కారు 1998 నాటిది, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉన్న బండి. 993 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను. నాన్నగారు కొన్నది కాబట్టి అమ్మే ఉద్దేశం ఎవరికీ లేదు, విజయవాడలో కూరగాయలకూ పెళ్ళిళ్ళకూ ఇప్పటికీ అదే వెళుతుంది. నిరుడు వేసవిలో దానికి ఒక జబ్బు పట్టుకుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే చాలు, స్టీరింగు మీద పెట్టిన చెయ్యి అదిరేటంతగా ఇంజను వణికేది, ఏసీ వేస్తే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. అదే బండి ఏలూరు దారిలో అరవైలో పరుగెడుతున్నప్పుడు మాత్రం ఏ వంకా పెట్టడానికి వీల్లేకుండా బుద్ధిగా ఉండేది. ఈ జబ్బు కుదర్చడానికి నేను చివరికి ఆన్‌లైన్‌లో కొన్న వాక్యూమ్ గేజ్ (ఇంజను గాలిని పీల్చే బలాన్ని కొలిచే పనిముట్టు) గురించే ఈ సమీక్ష. దానికి 1,350 రూపాయలు పడింది. పెద్ద కంపెనీ పేరేమీ లేని, చాలామంది అమ్మకందారులు ఒకే బొమ్మతో అమ్ముతున్న రకం అది.

గేజ్ కొనేలోపు జరిగినది కొంత చెప్పాలి, ఎందుకంటే దీని విలువ అక్కడే తెలుస్తుంది. మొదట బండిని ఊళ్ళోనే ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. వారు ప్లగ్గులు మార్చారు, ప్లగ్గు వైర్లు మార్చారు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు, ఇంత చేసినా వణుకు తగ్గకపోయేసరికి ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే నెమ్మది వేగం) స్క్రూ బిగించి, గాలిలో పెట్రోలు పాలు మార్చే మిక్స్చర్ స్క్రూ వదులు చేసి పంపించారు. మొత్తం 7,200 రూపాయలు. బండి ఆగిపోవడం నిజంగానే తగ్గింది. అయితే లీటరుకు పద్నాలుగు ఇచ్చే బండి పదికి దిగింది, పొగగొట్టం దగ్గర నిలబడితే కళ్ళు మండేవి. పొల్యూషన్ పరీక్షకు వెళితే కార్బన్ మోనాక్సైడ్ 4.2 శాతం చూపించింది. భారత్ స్టేజ్ 2 పొగ ప్రమాణాల కంటే ముందు నాటి నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు ఐడ్లింగ్‌లో అనుమతించేది 3 శాతమే. సర్టిఫికెట్ ఇవ్వలేదు.

అప్పుడు అర్థమైంది, వాళ్ళు లోపాన్ని బాగు చేయలేదని, దాని మీద పెట్రోలు పోసి కప్పిపెట్టారని. ఎక్కడో ఒక చిల్లు గుండా ఇంజను దొంగగాలి పీలుస్తోంది. కార్బురేటర్ కొలిచి ఇచ్చే పెట్రోలుకు ఆ అదనపు గాలి కలిసి మిశ్రమం పలచబడి, కొన్ని సిలిండర్లలో సరిగా అంటుకోవడం లేదు. స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ఎక్కువ పడి మంట నిలబడుతుంది, చిల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. హైవే మీద ఏ బాధా లేకపోవడానికి కారణం కూడా ఇదే. ఐడ్లింగ్‌లో గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజను లాగే గాలి చాలా కొద్ది, ఆ కొద్దిలో చిల్లు గుండా వచ్చేది పెద్ద వాటా. పలక తెరుచుకుని గాలి ధారాళంగా వెళుతున్నప్పుడు ఆ చిల్లు లెక్కలోకి రాదు. సిగ్నల్ దగ్గర వణికి, దారిలో బాగుండే పాత బండి ఎవరిదైనా సరే, ప్లగ్గుల మీద డబ్బు పెట్టే ముందు గాలి సంగతి చూడమని నేను చెబుతాను.

ఇక వస్తువు సంగతి. జిప్పు ఉన్న నల్లని సంచిలో అరచేతి వెడల్పు గడియారం లాంటి గేజ్, గజం పొడవు గొట్టం, ఇత్తడివి రెండు, ప్లాస్టిక్‌వి మూడు నిపుళ్ళు (గొట్టం తొడిగే మొనలు), గొట్టాన్ని రెండుగా చీల్చే రెండు టీ ముక్కలు, నాలుగు మడతల కాగితం వచ్చాయి. గేజ్ ముఖం మీద బయటి వరుసలో 0 నుంచి 30 అంగుళాల పాదరసం, లోపలి వరుసలో సెంటీమీటర్లు, వాటికి ఎదురు వైపున పెట్రోలు పంపు ఒత్తిడి కొలవడానికి 10 పీఎస్ఐ వరకూ అంకెలు ఉన్నాయి. చుట్టూ రబ్బరు తొడుగు ఉండటం వల్ల ఒకసారి చేతి నుంచి జారి గచ్చు మీద పడినా పగల్లేదు. ముల్లు సున్నా మీద నిలబడకపోవడమే వచ్చీ రాగానే కనబడిన లోపం. నా గేజ్‌లో అది అర అంగుళం పైన ఆగుతుంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు దగ్గరున్న పాత మంచి గేజ్ పక్కన పెట్టి చూస్తే, మొత్తం కొలతలో అదే అర అంగుళం తేడా తప్ప వేరే తప్పు కనబడలేదు. కాబట్టి ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ ఆ అర అంగుళం తీసివేసినవి. ఇంతకంటే ఎక్కువ తేడా ఉన్నది వస్తే గడువులోపల వాపసు చేయడమే మేలు.

కాగితం సంగతి చెప్పకపోవడమే మర్యాద. అచ్చు అలికేసినట్లు ఉంది, బొమ్మల్లో ముల్లు ఎటు ఉందో కూడా తెలియదు. గేజ్ ముఖం మీదనే రంగు రంగుల పట్టీలు వేసి, ఇంత నుంచి ఇంత వరకు ఉంటే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) ఆలస్యం, ఇంత ఉంటే గాలి లీకు, ఇంత ఉంటే మంచి ఇంజను అని రాశారు. చూడటానికి జాతకచక్రంలా ముచ్చటగా ఉంటుంది, నమ్మితే మాత్రం ప్రమాదం. ముల్లు తక్కువగా, కదలకుండా ఉందంటే గాలి లీకు కావచ్చు, టైమింగ్ వెనకబడి ఉండవచ్చు, టైమింగ్ బెల్టు ఒక పన్ను దాటి కూర్చుని ఉండవచ్చు. మూడింటికీ ముల్లు దాదాపు ఒకే చోట నిలబడుతుంది. ఆ పట్టీ చూసి, టైమింగ్ ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటర్ తిప్పడం మొదలుపెడితే ముల్లు పైకి లేస్తుంది కూడా, మనం గెలిచామనుకుంటాం, ఆ తరవాత కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలవుతుంది. టైమింగ్‌ను టైమింగ్ లైటుతోనే చూడాలి. నేను గొట్టాల జోలికి పోకముందే ఆటోనగర్‌లో రెండు వందలు ఇచ్చి ఆ పని చేయించుకున్నాను, టైమింగ్ ఉండాల్సిన చోటే ఉంది.

మొదటి రోజు నేను చేసిన పొరపాటు మరొకరు చేయకుండా ఉండటానికి చెబుతాను. చేతికి సులువుగా అందిందని డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్న గొట్టం ఊడదీసి, ఆ నిపుల్‌కు గేజ్ తగిలించి ఇంజను ఆన్ చేశాను. ముల్లు కదల్లేదు. ఇంజను తిరుగుతోంది, ముల్లు సున్నా దగ్గర నిద్రపోతోంది. ఇంజను పోయిందనే అనుకున్నాను. అసలు విషయమేమిటంటే, ఆ నిపుల్ థ్రాటిల్ పలకకు పై వైపున ఉంది; పలక మూసుకుని ఉన్నంతసేపూ అక్కడికి పీల్పు చేరదు, రేస్ చేస్తేనే చేరుతుంది. గేజ్‌ను ఎప్పుడైనా పలకకు కింద, మానిఫోల్డు (సిలిండర్లకు గాలిని పంచే గొట్టపు అర) నుంచి నేరుగా వచ్చే నిపుల్‌కే తగిలించాలి. నాలుగు మడతల కాగితంలో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది.

సరైన చోట తగిలించాక ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉండే విజయవాడ లాంటి ఊళ్ళో, వేడెక్కిన మంచి ఇంజను ఐడ్లింగ్‌లో పదిహేడు నుంచి ఇరవై ఒకటి మధ్య నిలకడగా చూపించాలి. ఎత్తు పెరిగిన కొద్దీ, సుమారు ప్రతి వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున ఇది తగ్గుతుంది. హైదరాబాదు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి వారు ఒకటిన్నర, రెండు అంగుళాల తగ్గుదలను చూసి కంగారు పడనక్కర్లేదు. ఇంజను బాగుపడ్డాక మా బండినే అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు, ఇక్కడ పద్దెనిమిదిన్నర చూపించిన ముల్లు అక్కడ పదిహేడు దాటలేదు.

ఈ గేజ్‌తో అసలు పని మొదలయ్యేది ఇక్కడి నుంచే. గేజ్ చిల్లు ఎక్కడుందో చెప్పదు. మనం ఒక్కొక్క దారినీ మూస్తూ పోతే, ఏ దారి మూసినప్పుడు ముల్లు లేచిందో చూపిస్తుంది. నేను ముక్కు పట్టకారుకు గుడ్డ చుట్టి, మానిఫోల్డు నుంచి బయలుదేరే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కదాన్నే నొక్కి పట్టుకుంటూ వచ్చాను. మొదట బ్రేకు బూస్టర్‌కు వెళ్ళే లావుపాటి గొట్టం. ముల్లు కదల్లేదు, అంటే బూస్టర్ బాగానే ఉంది. దాన్ని రూఢి చేసుకోవడానికి గేజ్ లేని పద్ధతి ఒకటి ఉంది: ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగింది. తరవాత ఇంజను కింది భాగమైన క్రాంక్ కేసు నుంచి ఆవిర్లు లాగే గొట్టం. అక్కడ ముల్లు కొంచెం లేచింది కానీ అది సహజమే, ఆ దారిన వచ్చే గాలి లెక్కలో ఉన్నదే. ఆ తరవాత ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్ పెంచే డయాఫ్రమ్‌కు వెళ్ళే సన్న గొట్టం. దాన్ని నొక్కగానే ముల్లు పద్నాలుగు నుంచి పదహారుకు లేచి నిలబడింది, ఇంజను చప్పుడు కూడా మారింది.

ఆ గొట్టాన్ని బయటికి తీసి చూస్తే, పైకి ఏ లోపమూ లేదు. నల్లగా, నున్నగా, తుడిస్తే కొత్తదానిలా ఉంది. క్లిప్పు కింద ఉండే అర అంగుళం మేర వంచి చూసినప్పుడు మాత్రం, ఎండిన చెరువు అడుగులా సన్నని నెర్రెలు విచ్చుకున్నాయి, ఒక నెర్రె లోపలి దాకా పోయింది. పాతికేళ్ళ పాటు ఇంజను వేడీ మన ఎండలూ కలిసి రబ్బరును చెక్కలా చేసి ఉంటాయి. మొదటి షెడ్డు వారు కార్బురేటర్ విప్పినప్పుడు దీన్ని కచ్చితంగా ఊడదీసి మళ్ళీ తగిలించి ఉంటారు. వంచి చూసి ఉంటే ఈ లీకు అప్పుడే దొరికేది.

ఆ గొట్టం మార్చాక నిలిచిన పదహారు కూడా చాలదు. మిగిలింది గొట్టాలు కాదు, అతుకులు. అతుకుల దగ్గర లీకు పట్టడానికి చాలామంది కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు: చిల్లు ఉన్న చోట కొడితే ఆ ఆవిరి లోపలికి పోయి ఐడ్లింగ్ మారుతుంది. పద్ధతి మంచిదే గానీ వేడి పొగగొట్టం, నిప్పురవ్వలు వేసే పాత ప్లగ్గు వైర్లు ఉన్న చోట మండే ద్రవాన్ని చల్లడం నాకు ఇష్టం లేదు. ఇస్త్రీ బట్టల మీద చల్లే నీళ్ళ సీసా చాలు. నీరు ఆ సందును ఒక క్షణం మూస్తుంది, ముల్లు ఆ క్షణంలోనే ఉలిక్కిపడుతుంది. డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్ళు పడకుండా చూసుకోవాలి, లేకపోతే కొత్త మిస్సింగ్ ఒకటి తెచ్చుకున్నట్లే. మానిఫోల్డు గాస్కెట్ చుట్టూ చల్లితే ఏమీ లేదు. కార్బురేటర్ అడుగున, దానికీ మానిఫోల్డుకూ మధ్య ఉండే బేకలైట్ ఇన్సులేటర్ దిమ్మ వెనక మూలన చల్లగానే ముల్లు పదహారు నుంచి పద్దెనిమిదికి ఎగిరి, నీరు ఆరగానే మళ్ళీ దిగింది. మూడుసార్లు చల్లాను, మూడుసార్లూ అలాగే ఎగిరింది. ఆ మూడో ఎగురుడుకే నా 1,350 రూపాయలు నాకు ముట్టినట్లయింది.

ఆ దిమ్మ మార్చడం నా చేతిలో పని కాదు. ఆటోనగర్‌లో, ఇందాక చెప్పిన పాత గేజ్ ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళి లీకు చోటు చూపించాను. ఆయన నా గేజ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “స్క్రూ తిప్పి పంపించారు కదా సార్, అందుకే ఇన్నాళ్ళు దొరకలేదు” అన్నారు. కార్బురేటర్ దించితే దాని అడుగు భాగం వంగి ఉంది. నట్లు ఎవరో బలం కొద్దీ బిగించడం వల్ల మూలలు దిగి మధ్యలో పొంగింది. ఆయన అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి, ఆ ముఖాన్ని ఎనిమిది ఆకారంలో రుద్ది చదును చేసి, కొత్త ఇన్సులేటర్, రెండు గాస్కెట్లు వేసి, నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించారు. సామాన్లకు 640, కూలికి 800. ఆ తరవాత మిక్స్చర్ స్క్రూను గేజ్ చూస్తూనే సరిచేశాం: ముల్లు అత్యధికంగా లేచే చోటు దాకా తిప్పి, అక్కడి నుంచి అది అణువంత తగ్గేదాకా లోపలికి బిగించి ఆపడం. పద్దెనిమిదిన్నర దగ్గర ముల్లు మేకు కొట్టినట్లు నిలబడింది. మళ్ళీ పొల్యూషన్ పరీక్షకు వెళితే కార్బన్ మోనాక్సైడ్ 1.6 శాతం వచ్చింది.

తరవాత ఈ గేజ్ చుట్టాల బండ్ల మీద కూడా తిరిగింది. గుంటూరులో మా బావగారి 1997 మారుతి ఎస్టీమ్‌కు తగిలిస్తే ముల్లు పద్దెనిమిది దగ్గర ఉంటూనే, లయ తప్పకుండా మూడు అంగుళాలు కిందికి కొట్టి లేచేది. అలా లెక్కగా కొట్టిందంటే గాలి లీకు కాదు, ఒక సిలిండర్‌లో వాల్వు సరిగా మూసుకోవడం లేదని. వాల్వులను నొక్కే టాపెట్లు చూపిస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్ బిగుసుకుని ఉంది. సందు సరిచేయగానే కొట్టడం ఆగింది. ఇంకొన్నాళ్ళు అలాగే తిప్పి ఉంటే వాల్వు కాలిపోయేది. మరో స్నేహితుడి మారుతి 800 ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోలు చిమ్మించే రకం) మాత్రం మమ్మల్ని కాసేపు తికమక పెట్టింది. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి ముల్లు స్వభావంగానే కొంచెం వణుకుతుంది. పైగా మానిఫోల్డు ఒత్తిడిని కొలిచి పెట్రోలు వేసే బండిలో లీకు ఉంటే వణుకుకు బదులు ఐడ్లింగ్ పెరగవచ్చు, అదనంగా వచ్చిన గాలికి కంప్యూటర్ అదనంగా పెట్రోలు కూడా వేస్తుంది కాబట్టి. ఆ తేడా తెలియనివారు అక్కడ గేజ్‌ను తప్పు పడతారు.

డీజిల్ బండి ఉన్నవారు దీన్ని కొనకండి. మామూలు పాత డీజిల్ ఇంజనుకు గాలిని అడ్డగించే థ్రాటిల్ ఉండదు, మానిఫోల్డులో పీల్పు ఉండదు, ముల్లు లేవదు. “పనిచేయడం లేదు” అని ఒక్క నక్షత్రం ఇచ్చినవారిలో ఇద్దరు తమ డీజిల్ జీపులకు తగిలించి చూసినవారే, ఇది అమ్మకందారు తప్పు అనలేం. 2013 ఏప్రిల్ తరవాతి భారత్ స్టేజ్ 4 పెట్రోలు కార్లు ఉన్నవారు కూడా ముందుగా బండి కంప్యూటర్ లెక్కలు చదివే చవక స్కానర్ ఒకటి కొనుక్కోవడం నయం. ఐడ్లింగ్‌లో కంప్యూటర్ చేసే పెట్రోలు దిద్దుబాటు బాగా పెరిగి, రేస్ చేస్తే తగ్గుతోందంటే గాలి లీకేనని అనుమానించవచ్చు. స్కానర్ పెట్టడానికి సాకెట్టే లేని మా జెన్ లాంటి వాటికి మాత్రం ఇంత డబ్బులో దీనికి సాటి పనిముట్టు నేను చూడలేదు.

ఫిర్యాదులు ఇంకా రెండున్నాయి. మొదటిది, గొట్టంలో ముల్లు అదురును తగ్గించే సన్నరంధ్రపు ముక్క ఏదీ లేదు. ఐడ్లింగ్‌లో ముల్లు ఈగ రెక్కలా కొట్టుకుంటుంది, గొట్టాన్ని వేలితో కొద్దిగా నొక్కితే గానీ అంకె చదవలేం. మరీ ఎక్కువ నొక్కితే ఎస్టీమ్‌లో కనబడిన లాంటి కొట్టుడు కూడా మాయమైపోతుంది, కాబట్టి ముందు నొక్కకుండా చూసి, తరవాతే నొక్కి అంకె చదవాలి. రెండోది మరీ విడ్డూరం: ప్లాస్టిక్ టీ ముక్కల్లో ఒకటి అతుకు దగ్గర పగిలి ఉంది. లీకు పట్టడానికి తెప్పించిన పనిముట్టే లీకు పెడుతోందన్నమాట. మొదటి వారం ఒక అంగుళం తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియక బండి చుట్టూ తిరిగాను. చివరికి టీ ముక్క తీసేసి నేరుగా తగిలిస్తే తెలిసింది. బండికి తగిలించే ముందు గొట్టం కొస నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుకతో మూసి, ముల్లు కిందికి జారకుండా నిలుస్తోందో లేదో చూడండి. బ్రేకు గొట్టంలో మాత్రం ఈ టీ ముక్కలు పెట్టి బండిని రోడ్డు మీదికి తీయకండి, పరీక్ష అయిపోగానే పాత గొట్టం పాత చోటే పెట్టండి.

అయిదింటికి నేను నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది టీ ముక్కకూ ఆ కాగితానికీ కలిపి. అమ్మకందారుకు టీ సంగతి రాస్తే రెండు రోజుల్లో కొత్తవి రెండు పంపారు, వాటిలో లీకు లేదు. గజం గొట్టం మాత్రం నెల తిరక్కుండానే గట్టిపడి నిపుల్ మీద నిలవడం మానేసింది. దాని బదులు ఆటోనగర్‌లో మంచి రబ్బరు గొట్టం రెండు మీటర్లు కోయించి తెచ్చుకున్నాను, పాతది మా అబ్బాయి చేపల తొట్టిలో నీళ్ళు మార్చడానికి వాడుకుంటున్నాడు.